మన చెరువు కట్ట భద్రమేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నల్లగొండ జిల్లా. ఊరి పైన పెద్దచెరువు, కట్ట కింద వరిమళ్లు, ఆ తర్వాత ఇళ్లు. చెరువు పనుల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చాలా ఏళ్లు తిరిగి ఇప్పుడు ఊర్లోనే ఉంటున్నాను. రోహిణి ఎండలు తగ్గాయంటే చాలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నా. ముందుగా ఒక మాట. కట్ట ఎక్కిన ప్రతివాడూ నీళ్ల వైపు తిరిగి నిలబడతాడు. కట్టకు వచ్చే రోగం మాత్రం చాలాసార్లు వీపు వెనక, పొలాల వైపు కనిపిస్తుంది.

మా కట్ట ఏ కాలం నాటిదో ఎవరికీ తెలియదు. పాతది కాబట్టి భయపడాలా?

వయసును బట్టి చెప్పలేం. నల్లగొండ పక్కనే పానగల్లు ఉదయ సముద్రం ఉంది. కందూరు చోడుల కాలంలో, 12వ శతాబ్దంలో తవ్వించిన చెరువు అది. ఇవాళ అదే ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) నీళ్లను మధ్యలో నిల్వ ఉంచే బ్యాలెన్సింగ్ రిజర్వాయరుగా పనిచేస్తోంది. ఎందుకు నిలిచిందంటే దాన్ని ఎవరో ఒకరు పట్టించుకుంటూ వచ్చారు, కట్ట మీద చేయి పడుతూ వచ్చింది.

ఇంకోవైపు వనపర్తి జిల్లాలోని సరళాసాగర్ చూడండి. నిండగానే నీళ్లు వాటంతట అవే బయటికి దుంకే సైఫన్ల పద్ధతితో 1959లో పూర్తయిన ప్రాజెక్టు, ఇంజినీర్లు లెక్కలు కట్టి కట్టింది. చాలా ఏళ్ల తర్వాత నిండింది. 2019 డిసెంబర్ 31న దాని మట్టి కట్టకు గండి పడింది. వానలు వెళ్లిపోయిన నెల అది. ఏళ్ల తరబడి ఎండిన కట్టకు ఒక్కసారిగా నిండా నీళ్లు తగలడమే ఒక పరీక్ష. మీ చెరువు కూడా అయిదారేళ్లు వట్టిపోయి ఈ ఏడు నిండితే, తొలి నెల రోజులు రోజూ కట్ట చుట్టూ తిరగండి.

కట్ట అసలు ఎట్లా తెగుతుంది?

మూడు దారులున్నాయి. ఒకటి, నీళ్లు కట్ట మీదుగా పొర్లడం. మట్టి కట్ట మీద జానెడు నీళ్లు పారినా వెనకవైపు వాలును కోసుకుంటూ పోతాయి, గంటల్లో గండి. అలుగు (నిండిన చెరువు నుంచి మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు) చాలకనో, అలుగుకు అడ్డం పడో, కట్ట మీద ఎక్కడో ఒకచోట పల్లం ఉండో ఇది జరుగుతుంది. ఆ పల్లం ఎక్కడుంటుందో మీకు తెలుసు. ట్రాక్టర్లు, గొర్లు, బర్లు ఎక్కి దిగే బాట దగ్గరే.

రెండోది బుంగ. కట్ట లోపల సన్నగా మొదలైన నీటి దారి మట్టిని మోసుకుపోతూ వెడల్పవుతుంది. బయటికి చూస్తే కట్ట నిక్షేపంగా ఉంటుంది, లోపల గొట్టం తయారవుతుంది. పాత చెరువుల్లో ఇది ఎక్కువగా తూము (కట్ట కింద నుంచి పొలాలకు నీళ్లు వదిలే దారి) చుట్టూ పుడుతుంది. రాతి తూముకు, మట్టికి మధ్య సందు ఏళ్లు గడిచేకొద్దీ తెరుచుకుంటుంది. ఒక కట్టలో ఒకే చోటు చూసే తీరిక ఉందంటే నేను తూము కాలువ బయటపడే చోటే చూస్తాను.

మూడోది వాలు జారడం. తడిసి బరువెక్కిన మట్టి ఒక పెళ్లగా కిందికి దిగుతుంది. దాంతో కట్ట సన్నబడుతుంది, మిగతా పని నీళ్లు చూసుకుంటాయి.

కట్ట కింద ఎప్పుడూ ఊట ఉంటుంది. మా తాతల నాటి నుంచీ ఉంది. అది ప్రమాదమా?

ఎక్కువమంది అడిగేది ఇదే, తొందరపడి జవాబు చెప్పకూడనిదీ ఇదే. మట్టి కట్ట అన్నాక చెమ్మ బయటికి రాకుండా ఉండదు. కట్ట కింద జమ్ము పెరగడం, మడి ఎప్పుడూ తడిగా ఉండటం, బావుల్లో నీళ్లు పైకి రావడం చెరువు ఉన్నందుకే. చూడాల్సింది ఊట ఉందా లేదా అని కాదు. ఊట మారిందా లేదా అని.

రంగు చూడండి. తేట నీళ్లు వస్తున్నంతవరకు కట్ట మట్టి కట్టలోనే ఉన్నట్టు. ఎర్రగానో, బూడిద రంగులోనో మడ్డిగా వస్తే కట్ట కరిగి మీ కాళ్ల ముందు పారుతున్నట్టే. కళ్లతో తేలకపోతే ఒక లీటరు ప్లాస్టిక్ సీసా నిండా ఊట నీళ్లు పట్టి, ఇంట్లో కిటికీ దగ్గర రాత్రంతా కదపకుండా పెట్టండి. పొద్దున సీసా అడుగు చూడండి. వేలి మందాన మట్టి పేరుకుంటే ఆ రోజు వేరే పని పెట్టుకోకండి.

తర్వాత కొలత. మా చెరువుకు తూము పక్కన ఒక ఊట ఉంది. దానికి చిన్న మట్టిగట్టు పెట్టి, పీవీసీ పైపు ముక్క అమర్చి, దాని కింద బకెట్ పెడతాను. 15 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో ఫోన్‌లో చూసి నోట్‌బుక్‌లో రాస్తాను. పక్కనే ఆ రోజు తూము మెట్ల మీద నీళ్లు ఎన్నో మెట్టు దాకా ఉన్నాయో రాస్తాను. ఈ రెండోది మరిచిపోతే మొదటిది దండగ. నీళ్లు పెరిగితే ఊట పెరగడం మామూలే. నీళ్లు అదే మెట్టు మీద ఉండి బకెట్ త్వరగా నిండుతోందంటేనే లోపల దారి వెడల్పవుతోందని అర్థం. ఉన్నట్టుండి ఊట ఆగిపోయినా సంతోషపడొద్దు. లోపల ఏదో కూలి అడ్డం పడి, నీళ్లు ఇంకో దారి వెతుక్కుంటూ ఉండొచ్చు.

అలుగు మీద ఇసుక బస్తాలు వేసి అడుగు ఎత్తు నీళ్లు ఎక్కువ ఆపుకుంటే తప్పేంటి? యాసంగికి పనికొస్తాయి కదా?

ఆశ అర్థం చేసుకోగలను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన జిల్లా మనది, చెరువులో ఇంకో అడుగు నీళ్లు ఉంటే బాగుండునని ఎవరికి ఉండదు! కానీ లెక్క వినండి. అలుగు మీద రెండడుగుల మందాన నీళ్లు పారేలా కట్ట ఎత్తు పెట్టారనుకుందాం. మీరు అడుగు ఎత్తు బస్తాలు పేర్చారు. పారడానికి ఇంకో అడుగు మిగిలింది. బయటికి పోయే నీళ్లు సగమయ్యాయని అనుకుంటారు. కాదు, సుమారు మూడో వంతుకు పడిపోతాయి. నీటి మందం తగ్గితే వేగమూ తగ్గుతుంది కాబట్టి రెండు వైపులా నష్టం. పెద్ద వాన రాత్రి ఆ మిగతా రెండు వంతుల నీళ్లు కట్ట మీదుగానే పోవాలి.

పెద్దవాన వస్తే తీసేస్తాంలే అంటారు. అర్ధరాత్రి, కరెంటు పోయి, అలుగు మీద నడుము లోతు నీళ్లు దుంకుతుంటే బస్తాలు తీయడానికి ఎవరు దిగుతారు?

దీనికి ఎదురుగా ఇంకో తప్పు కూడా చేస్తారు. శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో, పంట వేసుకున్నవాళ్లు మునిగిపోతోందని రాత్రిపూట అలుగు రాళ్లు పెకిలిస్తారు. రెండూ కట్టకు చేటే, పైగా ఊర్లో కొట్లాట.

చేపలు పోకుండా అలుగుకు జాలీ కట్టుకోవచ్చా?

జాలీలో చేప ఆగదు ముందు, చెత్త ఆగుతుంది. గుర్రపు డెక్క, తుమ్మకంపలు, పాలిథిన్ సంచులు పడి ఒక్క పూటలో అది గోడ అయిపోతుంది. చేపపిల్లలు వదిలిన సొసైటీ వాళ్ల నష్టం నిజమే. అలుగు నుంచి కొంత దూరం కింద, వాగులోకి దిగే చోట వలలు పెట్టుకోండి. అలుగు నోట్లో మాత్రం వద్దు.

చెరువు వెనక్కి ఎంత దూరం నీళ్లు నిలబడితే కట్ట మీద అంత ఒత్తిడా?

కాదు. కట్ట దగ్గర లోతే లెక్క. మూడు మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరు మీద మూడు టన్నుల ఒత్తిడి ఉంటుంది, వెనక నీళ్లు పది ఎకరాల్లో ఉన్నా వెయ్యి ఎకరాల్లో ఉన్నా అంతే. విస్తీర్ణం తేడా గండి పడ్డాక తెలుస్తుంది.

కట్ట మీద తుమ్మచెట్లు, పుట్టలు, పందికొక్కుల బొరియలు ఉన్నాయి. ఇవి నిజంగా హాని చేస్తాయా?

చేస్తాయి. 2019 జూలైలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరే అనే చిన్న డ్యామ్ తెగి ఇరవై మంది దాకా చనిపోయినప్పుడు అక్కడి మంత్రి ఒకాయన ఎండ్రకాయలే కట్టను తొలిచాయని అన్నారు. దేశమంతా నవ్వింది. నవ్వడంలో న్యాయం ఉంది, తప్పు ఎండ్రకాయల మీద తోసేస్తే మరమ్మతు చేయాల్సినవాళ్లు తప్పించుకున్నట్టే. అయినా ఎండ్రకాయలు, పందికొక్కులు కట్టను తొలిచే మాట అబద్ధం కాదు. నీళ్ల వైపు ఒక బొరియ, పొలాల వైపు ఒక బొరియ ఉండి మధ్యలో మూరెడు మట్టి మిగిలితే, నిండిన రోజు ఆ మూరెడు ఎంతసేపు ఆగుతుంది?

సర్కారు తుమ్మతో ఇంకో చిక్కు ఉంది. పొద దట్టంగా ఉంటే బొరియా కనపడదు, ఊటా కనపడదు. అందుకే ఎండాకాలంలో, చెరువు వట్టిపోయినప్పుడు, పొదలు వేళ్లతో సహా తీయించి, బొరియలు తవ్వి, మట్టి పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టాలి. బొరియ నోట్లో రాయి దోపి పైన మట్టి పూసి వచ్చేవాళ్లను చూశాను. పందికొక్కు కూడా అంతకన్నా శ్రద్ధగా పనిచేస్తుంది.

కట్టకు అడ్డంగా మోటారు పైపు వేసుకోవచ్చా?

వద్దు. ఇది మా ఊరి కథే. ఒక ఏడు వాన ఆలస్యమైంది, పంట ఎండుతోంది, ఒక రైతు రాత్రికి రాత్రి జేసీబీ పెట్టి కట్టకు అడ్డంగా నడుము లోతు కాలువ తీసి పైపు వేశాడు. తీసిన మట్టినే వదులుగా పైకి నెట్టేశాడు. తర్వాత మరమ్మతుల పని పట్టిన కాంట్రాక్టరు దాని పైన మొరం పరిచి బిల్లు చేయించుకున్నాడు. చూసి నోరు మూసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. రెండేళ్లకు చెరువు నిండింది. కట్ట కింద గడ్డి కోసుకుంటున్న ఒక అక్క వచ్చి, "అన్నా, గడ్డిల నీళ్లు మసులుతున్నయే" అంది. వెళ్లి చూస్తే సరిగ్గా ఆ పైపు వరుసలోనే, చిన్న గిన్నె అంత గుంటలో సన్న ఇసుక లేస్తూ పడుతూ ఉంది. అన్నం ఉడికినట్టు. దాని చుట్టూ చీమల పుట్ట మాదిరి ఇసుక ఉంగరం పేరుకుంది.

ఆ రోజు ఊరు ఊరంతా కదిలితే కట్ట దక్కింది. పైపు వేయాలంటే కట్ట మీదుగా పైకెక్కించి దించండి. డీజిల్ కొంచెం ఎక్కువ కాలితే కాలుతుంది.

ఎండాకాలంలో కట్ట మీద పగుళ్లు వచ్చాయి. మామూలేనా?

నల్లరేగడి కలిసిన కట్టకు ఎండకు బీటలు రావడం మామూలే, తొలకరికి పూడుకుంటాయి. చూడాల్సింది బీట ఎటు పోతోందో. కట్ట పొడవునా వంపు తిరిగి, ఒక పక్క మట్టి కాస్త దిగినట్టుంటే వాలు జారుతోంది. కట్టకు అడ్డంగా, నీళ్ల వైపు నుంచి పొలాల వైపుకు పోతే అది నీటికి సిద్ధంగా ఉన్న దారి. అడ్డం బీటను తవ్వి లోతు చూసి, అడుగు తేలేదాకా తీసి, మళ్లీ మంచి మట్టితో దిమ్మిస కొట్టించాల్సిందే. పైన మట్టి చల్లితే పగులు మన కళ్లకు పోతుంది, నీళ్లకు పోదు.

పూడిక తీస్తే కట్ట బలపడుతుందా?

పూడికతీత వేరు, కట్ట బలం వేరు. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని అనుకున్నారు. ఆ ఒండ్రు మా చెల్కల్లో పడ్డాక రెండేళ్లు ఎరువు ఖర్చు తగ్గిందని రైతులు చెప్తే విన్నాను. కట్టలు, తూములు, అలుగులు బాగుచేసిన చోట నిజంగా మేలు జరిగింది. కానీ తవ్వేవాళ్లకు దూరం పోవడం బరువు, ట్రాక్టరు తిరగడానికి కట్ట దగ్గరే వీలు. కట్ట పాదం పక్కనే గుంత తీస్తే రెండు నష్టాలు. కట్టకు ఆసరా పోతుంది, ఏళ్లుగా అడుగున పేరుకుని నీళ్లు దిగకుండా అడ్డుకుంటున్న బంక పొర చిరిగిపోతుంది. పూడిక తీశాక కట్ట కింద ఊట పెరిగిందని చెప్పే ఊళ్లన్నింటిలో నేను మొదట అడిగేది, ఎక్కడ తవ్వారని.

మా చెరువును మినీ ట్యాంక్‌బండ్ చేశారు. ఇంక భయం లేనట్టేనా?

రెయిలింగు, లైట్లు, బతుకమ్మ మెట్లు, సిమెంటు బెంచీలు బాగున్నాయి. సాయంత్రం పిల్లలతో వెళ్తాం, సంతోషమే. అవన్నీ కట్ట నెత్తి మీద ఉన్నాయి. కట్ట పాదం దగ్గర ఏం చేశారో, తూము తలుపు తిరుగుతోందో లేదో అడగండి. టైల్స్ కింద బీట కనిపించదన్నది ఒక బాధ. బెంచీలన్నీ నీళ్ల వైపే తిప్పి వేస్తారన్నది ఇంకోటి.

డ్యామ్ సేఫ్టీ చట్టం మా చెరువుకు వర్తిస్తుందా?

చాలామటుకు వర్తించదు. 2021లో వచ్చిన డ్యామ్ భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన డ్యాముల కోసం. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటికి కట్ట పొడవు 500 మీటర్లకు తగ్గకుండా ఉండటం, నిల్వ 10 లక్షల ఘనపు మీటర్లకు తగ్గకుండా ఉండటం లాంటి షరతుల్లో ఏదో ఒకటి ఉంటే వర్తిస్తుంది. వాటికి వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనిఖీ తప్పనిసరి. మన ఊరి చెరువుల కట్టలు ఎక్కువ శాతం 10 మీటర్లలోపే. అంటే కట్ట తెగితే మునిగేది మనం, చట్టం ప్రకారం వచ్చి చూసేవాళ్లు మాత్రం లేరు. నిబంధన లేకపోయినా ఆ రెండుసార్లు చూసుకునే అలవాటు మనమే పెట్టుకోవాలి. ఒకప్పుడు ఆ పని నీరటి చేసేవాడు. వాన పడుతుంటే గొంగడి కప్పుకుని, కందిలి పట్టుకుని అర్ధరాత్రి కట్ట మీద తిరిగే నీరటి తాతను నేను చిన్నప్పుడు చూశాను. ఆయన చూసేది కూడా పొలాల వైపే.

మా చెరువు గట్టిదే, పై ఊరి చెరువు సంగతేంటి?

మంచి ప్రశ్న, దీన్ని చాలా తక్కువమంది అడుగుతారు. మనవి గొలుసుకట్టు చెరువులు. పైది తెగితే దాని నీళ్లన్నీ ఒక్కసారిగా మన చెరువు మీద పడతాయి. మన అలుగు వాన నీళ్లకు కట్టింది, ఇంకో చెరువు మొత్తాన్ని గంటలో మింగడానికి కాదు. 1908 సెప్టెంబర్ మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీస్తే, ఎగువ పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయినట్టు తేలింది. కాబట్టి పై ఊరి సర్పంచ్ నంబరు, కింది ఊరి సర్పంచ్ నంబరు మీ ఫోన్‌లో ఉండాలి.

ఇప్పుడు లిఫ్టు నీళ్లతో చెరువులు నింపుతున్నారు. దానివల్ల తేడా ఉందా?

ఉంది. పాతరోజుల్లో చెరువు తొలకరికి ఖాళీగా ఉండేది, వానలకు మెల్లగా నిండేది, పెద్ద వాన వచ్చినా కొంత ఇముడ్చుకునేది. కృష్ణా నీళ్లు కాలువల మీద వచ్చి చేరే ఊళ్లలో చెరువు చాలా నెలలు నిండుకుండలా ఉంటుంది. పంటకు పండగే. కానీ కట్టకు ఆరే సమయం లేదు, మరమ్మతుకు సందు లేదు, అక్టోబరు తుఫాను వచ్చేసరికి ఖాళీ జాగా లేదు. నింపే ముందు ఒక నెల కట్ట పనులకు వదలమని అధికారులను అడగండి, అడిగితే ఇచ్చిన చోట్లున్నాయి.

వాన ఎక్కువని తెలిస్తే తూములన్నీ ఎత్తి ఖాళీ చేసేయొచ్చా?

తగ్గించడం మంచిదే, ఒక్కసారిగా మాత్రం వద్దు. నీళ్లు వేగంగా దిగితే తడిసిన లోపలి వాలు ఆసరా పోయి జారుతుంది. రోజుకింత అని మెల్లగా దించండి. అందుకు ముందు తూము తలుపు కదలాలి. ఏడాదికోసారి కూడా తిప్పని తలుపు వరద రోజు తిరగదు.

రాత్రి వాన పడుతుండగా బుంగ కనిపించింది. ఏం చేయాలి?

మొదట మనుషులు. కింద ఇళ్లవాళ్లను లేపండి, బర్ల పలుపులు విప్పండి, కింది ఊరికి ఫోన్ చేయండి, 112కి చెప్పండి. ఇరిగేషన్ ఏఈకి, తహసీల్దారుకు కబురు పంపండి. గుడి మైకు, మసీదు మైకు ఇలాంటి రాత్రి కోసం కూడా ఉన్నాయి.

తర్వాత బుంగ. అందరూ చేసే తప్పు ఒకటుంది. పొలాల వైపు నీళ్లు చిమ్మే నోట్లో బంకమట్టి కుక్కడం. అక్కడ మూస్తే నీళ్లు ఆగవు, పక్కన ఇంకోచోట పగలగొట్టుకుని వస్తాయి. నీళ్లను రానివ్వాలి, మట్టిని రానివ్వకూడదు. నోటి మీద ముందు దొడ్డు ఇసుక, దాని పైన కంకర, ఆ పైన రాళ్లు పోయండి. చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా బావి గట్టులా పేర్చండి. లోపల నీళ్లు మోకాలెత్తు నిలబడితే ఎదురు ఒత్తిడి పుట్టి ఉరవడి తగ్గుతుంది. పైన చెప్పిన మోటారు పైపు బుంగ రోజు మేం చేసింది ఇదే. రెండు గంటల తర్వాత గట్టు మీంచి పొర్లే నీళ్లు తేటగా మారాయి. అప్పుడే మొదటిసారి కూర్చున్నాం.

నీళ్ల వైపు ఎక్కడైనా సుడి తిరుగుతుంటే బుంగ అక్కడ మొదలైనట్టు. ఒడ్డు నుంచే టార్పాలిన్, గడ్డి మోపులు, బస్తాలు వేయండి. ఈతగాడైనా సరే, మనిషిని ఆ సుడి దగ్గర దించొద్దు. కట్ట మీద జనం గుంపుగా నిలబడి వీడియోలు తీయొద్దు. నీళ్ల మడ్డి పెరుగుతూ, పైన కట్ట కుంగడం మొదలైతే అన్నీ వదిలేసి పరుగెత్తండి.

కట్ట కింద, చెరువు లోపల ప్లాట్లు అమ్ముతున్నారు. కొనొచ్చా?

వద్దు. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) లోపల ఇల్లు కట్టకూడదు. దాని బయట కూడా 10 హెక్టార్లు, ఆపై చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. అలుగు వాగులో ప్లాటు అయితే రిజిస్ట్రేషన్ అయినా కొనకండి. నీళ్లు పట్టా చూడవు.

కట్ట మైసమ్మ దగ్గర పెద్ద వేపచెట్టు ఉంది. చెట్లు కొట్టేయాలంటున్నారు, దాన్నీ కొట్టాలా?

కొట్టకండి. ఊరు ఒప్పుకోదన్నది సరే, పనిగా చూసినా అది తప్పే. అంత పెద్ద చెట్టు నరికితే వేళ్లు కట్ట లోపల కుళ్లి, కొన్నేళ్లకు ఒక్కో వేరు ఒక్కో గొట్టం అవుతుంది. తీయాలంటే వేళ్లతో సహా తవ్వి కట్టను మళ్లీ కట్టాలి, దానికి చెరువు ఖాళీ కావాలి, డబ్బు కావాలి. కొత్త మొక్కలు మాత్రం మొలిచినప్పుడే పీకేయండి. మా కట్ట మీద కూడా మైసమ్మ వేప ఉంది. ఏటా బోనాలకు ముందు దాని చుట్టూ పొదలు కొట్టి, పొలాల వైపు దిగి, వేళ్ల కింద మట్టి చేత్తో పట్టి చూస్తాం. పోయినేడు పొడిగానే ఉంది.